వినడానికి లైసెన్సు

'కౌన్సెలింగ్' అన్న మాట మొదటిసారి ఎక్కడ విన్నారని నా వయసు తెలుగువాళ్ళని అడిగి చూడండి. చాలామంది ఎంసెట్ పేరే చెప్తారు. ర్యాంకు కార్డూ ఒరిజినల్ సర్టిఫికెట్లూ ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుని, నాన్న పక్కన వరసలో నిలబడి, ఏ కాలేజీలో ఏ బ్రాంచి అన్నది తేల్చుకుని రావడం. మాకు కౌన్సెలింగ్ అంటే అదే. రెండో అర్థం పోలీస్‌స్టేషన్‌ది. రౌడీషీటర్లని పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చారనీ, తాగి బండి నడిపిన కుర్రాళ్ళకి తల్లిదండ్రుల ముందు కౌన్సెలింగ్ ఇచ్చారనీ జిల్లా ఎడిషన్లో చదువుతుంటాం. ఈ రెండు కౌన్సెలింగుల్లోనూ మాట్లాడేవాళ్ళే తప్ప వినేవాళ్ళు ఉండరు. మూడో అర్థం, అంటే ఒక మనిషి డబ్బు తీసుకుని ఇంకో మనిషి దుఃఖాన్ని గంటసేపు వినడం, మన భాషలోకి ఈమధ్యే వచ్చింది. వచ్చింది గానీ ఇంకా సరిగ్గా కుదురుకోలేదు. 'మానసిక చికిత్సకుడు' అని రాస్తే ప్రభుత్వ కరపత్రంలా ఉంటుంది. 'సైకోథెరపిస్ట్' అంటే మొదటి రెండక్షరాల దగ్గరే ఆగిపోయి నవ్వేవాళ్ళున్నారు.

ఈ మాటల గొడవ నాకెందుకు పట్టుకుందంటే, హైదరాబాదులో నాతోపాటు ఒకే టీములో టెస్టింగ్ చేసిన మిత్రురాలు, కెనడా వచ్చాక ఆ ఉద్యోగం మానేసి, మళ్ళీ యూనివర్సిటీకెళ్ళి మాస్టర్స్ చేసి, సైకోథెరపిస్ట్‌గా రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టుకుంది. మేమిద్దరం ఉండేది ఒంటారియోలో. ఇక్కడ ఆ పని చూసే సంస్థ పేరు కాలేజ్ ఆఫ్ రిజిస్టర్డ్ సైకోథెరపిస్ట్స్ ఆఫ్ ఒంటారియో. పేరులో కాలేజ్ ఉంది గానీ పాఠాలు చెప్పే చోటు కాదది, వృత్తిని అదుపులో ఉంచే మండలి. ఆ దరఖాస్తు నింపుతున్న రోజుల్లో మా ఇద్దరి మధ్యా నడిచిన వాదన ఇంకా తెగలేదు. ఆ వాదనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. ఒంటారియో శాసనసభ సైకోథెరపీ చట్టం చేసింది 2007లో. దాని కింద కాలేజ్ పని మొదలుపెట్టింది 2015 ఏప్రిల్ 1న. మధ్యలో ఎనిమిదేళ్ళు పట్టిందంటే ఇది ఎంత తెగని విషయమో ఊహించుకోవచ్చు. 2017 డిసెంబరు 30 నుంచి సైకోథెరపీలో ఒక భాగం 'నియంత్రిత చర్య' అయింది. అంటే చట్టం పేర్కొన్న ఆరు వృత్తుల వాళ్ళే చెయ్యాలి: సైకోథెరపిస్టులు, డాక్టర్లు, నర్సులు, సైకాలజిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, సోషల్ వర్కర్లు. ఆ చర్య ఏమిటో చెప్పే వాక్యం చాలా పొడుగు. నా మాటల్లో చెప్తాను. ఆలోచనలోనో, మూడ్‌లోనో, ఉద్వేగాల అదుపులోనో, జ్ఞాపకంలోనో తీవ్రమైన అస్తవ్యస్తత ఉండి, దానివల్ల మనిషి వివేచన, ప్రవర్తన, నలుగురితో మెలిగే తీరు బాగా దెబ్బతినే అవకాశం ఉన్నప్పుడు, ఆ మనిషికి ఒక 'చికిత్సా సంబంధం' ద్వారా, సైకోథెరపీ పద్ధతులతో వైద్యం చెయ్యడం.

శస్త్రచికిత్సని నిర్వచించడానికి కత్తి చాలు. మందుల సంగతైతే చీటీ చాలు. ఇక్కడ మాత్రం 'సంబంధం' అన్న మాట చట్టంలోకి రావలసి వచ్చింది. దాన్ని తెచ్చాక, మిగతా సంబంధాలన్నీ నేరాలు కాకుండా చూసుకోవలసి వచ్చింది. అందుకే ప్రార్థనతో నయం చేసేవాళ్ళకి మినహాయింపు ఉంది. ఆదివాసీ సంప్రదాయ వైద్యులకి ఉంది. భావోద్వేగ, సామాజిక, విద్యా, ఆధ్యాత్మిక విషయాల మీద కౌన్సెలింగ్ చేసేవాళ్ళ జోలికి కూడా చట్టం అంతగా పోదు. అంటే పూజారి వినొచ్చు, టీచరు వినొచ్చు, పక్కింటి పిన్నిగారు వినొచ్చు. ఎక్కడో ఒక గీత ఉంది, అది దాటితే నీ పేరు పట్టికలో ఉండాలి. ఆ గీత ఎక్కడుందో వినడం మొదలుపెట్టే ముందు ఎవరికీ తెలీదు. ఎదుటివాడి దిగులు ఎంత లోతో తెలిసేది విన్నాకే కదా.

నా మొదటి వాదన సంఘాల మీద అనుమానంతో మొదలైంది. దానికి నా కారణం నాకుంది. హైదరాబాదులో నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది, ఆఫర్ లెటర్లో అదే రాశారు, పెళ్ళిచూపుల్లో అదే చెప్పారు. ఒంటారియోలో ఇంజనీర్ అని చెప్పుకోవాలంటే ప్రొఫెషనల్ ఇంజనీర్స్ ఒంటారియో ఇచ్చే లైసెన్సు ఉండాలి. నాకది లేదు. అందుకని ఇక్కడ నేను 'డెవలపర్'ని. విమానం దిగేటప్పటికి నాకు వచ్చిన కోడింగ్ ఏమీ తగ్గలేదు, పేరు మాత్రం మారింది. అంచేత బిరుదులకి తాళాలు వేసేవాళ్ళని చూస్తే, వాళ్ళు ప్రజల్ని కాపాడుతున్నారా, తమ గిరాకీని కాపాడుకుంటున్నారా అన్న ప్రశ్న నాకు వెంటనే వస్తుంది.

దానికి ఆమె సమాధానం టెస్టర్ సమాధానం. "నువ్వు రాసిన కోడ్ పగిలితే లాగ్‌లో పడుతుంది. టికెట్ వస్తుంది. నేను చెడగొట్టిన మనిషికి లాగ్ ఎక్కడుంటుంది? తను చెడిందని కూడా తనకి తెలీకపోవచ్చు. తన లోపమే అనుకుంటుంది."

ఆ మాట దగ్గర నేను ఆగాను. మా బంధువులమ్మాయి గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట, ఊరు ఏదైతేనేం, ఒక కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్ళింది. నిద్రపట్టడం లేదని వెళ్ళింది. మూడోసారో నాలుగోసారో, వేరే కులం అబ్బాయిని ఇష్టపడుతున్నానని చెప్పింది. వారం తిరక్కముందే వాళ్ళమ్మకి తెలిసిపోయింది. ఆ కౌన్సెలరే ఫోన్ చేసి చెప్పాడు, పిల్ల మంచి కోరి. ఆయనకి దురుద్దేశం ఉందని నేననుకోను. తను చేసింది తప్పని ఆయనకి ఈరోజుకీ తెలీకపోవడమే నాకు భయంగా ఉంటుంది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ అమ్మాయి కడుపు చించుకోవడం నేర్చుకుందామని డబ్బు కట్టి మరీ వెళ్ళింది. ఆ తర్వాత ఎవరితోనూ ఏమీ చెప్పుకోవడం మానేసింది. ఆయన మీద ఫిర్యాదు చేద్దామంటే ఎవరికి చెయ్యాలి? గోడ మీద ఏదో సర్టిఫికెట్ వేలాడుతుండేది. కానీ కొట్టెయ్యడానికి ఆయన పేరు ఏ పట్టికలోనూ లేదు.

మన దేశంలో ఈ పట్టిక విషయం సగం సగంగా నడిచింది. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద క్లినికల్ సైకాలజిస్టులకి కేంద్ర రిజిస్టర్ ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి గోప్యతని హక్కుగా చెప్పింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సైకాలజిస్టుల్నీ కొన్ని రకాల కౌన్సెలర్లనీ తన జాబితాలో చేర్చింది. కాగితం మీద దారి పడుతోంది. కానీ బోర్డు పెట్టుకుని కూర్చున్న మనిషి ఏ చట్టం కిందికి వస్తాడో, అసలు వస్తాడో రాడో, లోపలికి వెళ్ళేవాళ్ళకి తెలీదు.

రిజిస్టర్ అన్న మాటతో మనకి ఇంకో పాత పరిచయం కూడా ఉంది: ఆరెంపీ. ఆ మూడక్షరాలకి అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. ఊళ్ళలో ఆ పేరుతో పిలిచేది మాత్రం మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేని డాక్టర్‌ని. రిజిస్టర్ కానివాణ్ణే రిజిస్టర్డ్ అని నోరారా పిలుచుకునే భాష మనది. దీంట్లో వెటకారం ఉందని అనుకోను. అర్ధరాత్రి జ్వరమొస్తే సైకిలేసుకుని వచ్చేది ఆయనే. ఆయన రిజిస్టర్ ఊరి నోళ్ళలో ఉంటుంది. ఎవరికి తగ్గింది, ఎవరికి సూది వికటించింది, ఆయన ఎవరి దగ్గర డబ్బు తీసుకోలేదు, అన్నీ అందరికీ తెలుసు. తప్పు చేస్తే రచ్చబండ దగ్గర నిలదీస్తారు. ఒక్కోసారి అన్యాయంగా కూడా నిలదీస్తారు. ఏదేమైనా ఆయనకి ఒక చిరునామా ఉంది.

మిసిసాగాలో ముప్ఫయ్యో అంతస్తులో ఉన్నవాళ్ళకి ఊరి నోరు లేదు. ఎదురు ఫ్లాట్ వాళ్ళ పేరే తెలీదు. అలాంటి చోట, మండలి పెట్టే బహిరంగ రిజిస్టర్ ఆ నోటికి బదులు వచ్చిందనిపిస్తుంది. అందులో థెరపిస్ట్ పేరు ఎవరైనా వెతకొచ్చు. క్రమశిక్షణ చర్య తీసుకుని ఉంటే కనపడుతుంది. క్లయింట్‌తో లైంగిక సంబంధం పెట్టుకుంటే రిజిస్ట్రేషన్ రద్దు తప్పదు. చికిత్స ఆగిపోయాక కూడా కనీసం ఏడాదిపాటు ఆ మనిషిని క్లయింట్‌గానే లెక్కేస్తారు. ఇవేవీ ఆ థెరపిస్ట్ బాగా వింటాడని హామీ ఇవ్వవు. సరిగ్గా వినకపోతే ఎక్కడికెళ్ళి చెప్పుకోవాలో చెప్తాయి. నేను మొదట్లో రిజిస్ట్రేషన్ని ప్రతిభకి ఇచ్చే ముద్ర అనుకుని దాంతో పోట్లాడాను. ఆమె దాన్ని తన మెడకి తనే కట్టుకునే గంటలా చూసింది.

అయితే ప్రతిభ ప్రశ్న అంతటితో పోదు. 1926లో వియెన్నాలో థియొడోర్ రైక్ మీద కేసు పెట్టారు. వైద్యపట్టా లేకుండా వైద్యం చేస్తున్నాడని. రైక్ చదివింది సైకాలజీ, డాక్టరేట్ కోసం రాసింది ఫ్లాబేర్ రచన మీద. (ఈ పత్రికలో రాసేవాళ్ళకి, చదివేవాళ్ళకి ఆయన మీద కొంచెం అభిమానం కలగడం సహజం.) ఆయన్ని వెనకేసుకొస్తూ ఫ్రాయిడ్ ఆ ఏడాదే ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక నిష్పక్షపాతితో సంభాషణలా సాగుతుందది. సారాంశం ఏమిటంటే, ఈ పనికి వైద్యపట్టా అర్హత కాదు, ఈ పనిలో శిక్షణే అర్హత. శిక్షణ లేకుండా ఈ పని చేసే డాక్టరే నాటువైద్యుడు. ఇలాంటి చికిత్సకుడు పురాణగాథలు, మతాల మనస్తత్వం, సాహిత్యం చదువుకోవాలంటాడు. మరుసటేడు ఆ కేసు కొట్టేశారు. ఫ్రాయిడ్ కూతురు ఆనా బడిపంతులమ్మ, డాక్టరు కాదు. మెలనీ క్లైన్‌కి యూనివర్సిటీ డిగ్రీయే లేదు. ఎరిక్ ఎరిక్సన్‌కీ లేదు. వాళ్ళ పుస్తకాలు చదివి మా మిత్రురాలు పరీక్ష రాసింది. వాళ్ళే వచ్చి ఇదే దరఖాస్తు పెట్టుకుంటే మొదటి పేజీ, విద్యార్హతల దగ్గరే ఆగిపోయేవారు.

పట్టికలో ఉన్నవాళ్ళందరూ కలిసి తప్పు చేసిన సందర్భాలు కూడా తక్కువేం కాదు. అమెరికాలో సైకోఎనలిస్టుల ప్రధాన సంఘం దశాబ్దాలపాటు డాక్టర్లు కానివాళ్ళని దాదాపు రానివ్వలేదు, 1985లో సైకాలజిస్టులు కోర్టుకెళ్ళే దాకా. అంత పకడ్బందీగా గుమ్మం కాచిన ఆ లోకంలోనే స్వలింగ ప్రేమని జబ్బుగా చూశారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దాన్ని తన జాబితా నుంచి తీసేసింది 1973లో. అప్పటి దాకా దానికి 'చికిత్స' చేసినవాళ్ళలో లైసెన్సులున్నవాళ్ళు, నోట్సు శుభ్రంగా రాసుకున్నవాళ్ళు, రోగి మంచి కోరినవాళ్ళు ఎంతమంది! వాళ్ళ మీద ఫిర్యాదు చెయ్యడానికి చిరునామా ఉంది. ఫిర్యాదు అందుకునే బల్ల వెనక కూర్చున్నది కూడా అదే బడిలో చదువుకున్నవాళ్ళు. ఒంటారియోలో మైనర్ల మీద ఆ రకం 'చికిత్స'ని నిషేధించింది 2015లో, కాలేజ్ తెరిచిన ఏడాదే. ఇది చెప్తే ఆమె కాదనలేదు. "పట్టికలో ఉన్నారు కాబట్టే నిషేధిస్తే వినక తప్పలేదు" అంది. నాకు ఈ సమాధానం పూర్తిగా చాలదు. నిషేధం వచ్చేదాకా గడిచిన ఏళ్ళకి ఎవరూ జవాబుదారీ కారు కదా.

ఇంక అసలు గొడవకి వస్తాను. దరఖాస్తు వెళ్ళింది, నంబరు ఇంకా రాలేదు. ఆ మధ్యలో ఒక కుర్రాడు, మనవాడే, చదువుకోడానికొచ్చినవాడు, ఎవరి ద్వారానో ఆమె నంబరు సంపాదించి రాత్రి ఫోన్ చేశాడు. అక్కా అన్నాడు. ఫీజు అప్పు, పార్ట్‌టైం పని పోవడం, ఇంట్లో అంతా బాగానే ఉందని అబద్ధం చెప్తుండటం. ఇంగ్లిష్‌లో ఎవరితోనో మాట్లాడాట్ట గానీ, అక్కడ ఏడుపు రాలేదట. ఆమె ఇరవై నిమిషాలు విన్నది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. అలాంటి ఆలోచన వస్తే 988కి ఎలా చెయ్యాలో చెప్పింది, యూనివర్సిటీలో ఎవరిని కలవాలో చెప్పింది, ఆ రాత్రి ఒంటరిగా ఉండకుండా రూమ్మేట్‌ని లేపించింది. మర్నాడు మళ్ళీ కనుక్కుంది. అతను వారానికోసారి మాట్లాడతానక్కా, డబ్బులు తర్వాత ఇస్తాను అంటే మాత్రం కుదరదంది.

నాకు కోపమొచ్చింది. తెలుగులో వినేవాళ్ళే లేని ఊళ్ళో, ఆ పని చదువుకున్న ఒక్క మనిషి, కాగితం రాలేదని తలుపు వేస్తే ఎలా? దారిన పోయే దాహానికి చలివేంద్రం లైసెన్సు అడుగుతామా? ఇదే మాట ఆమెతో అన్నాను.

"చలివేంద్రంలో నీళ్ళు తాగి వెళ్ళిపోతాడు. నా దగ్గరికి వారం వారం వస్తాడు" అంది. "నన్ను అక్కా అంటున్నాడు. అక్క ఫీజు తీసుకోదు, నోట్సు రాయదు, సెలవు పెట్టదు. నెల రోజులకి నేను అలిసిపోయి ఫోనెత్తకపోతే? నేనేదో తప్పు మాటంటే? ఇప్పుడు నేను వింటే, రేపు నా మీద చెప్పుకోడానికి వాడికెవరున్నారు?"

నేను చాలాసార్లు ఆలోచించాను. వాడికి ఎవరున్నారు అన్న ప్రశ్నని మేమిద్దరం చెరోవైపు నుంచి అడుగుతున్నాం. నేను దుఃఖంలో తోడు గురించి అడిగాను, ఆమె తోడే దుఃఖమైతే ఏమిటని అడిగింది. మన దగ్గర సాయం చేసినవాణ్ణి ప్రశ్నించడం కృతఘ్నత. 'అక్కా' అన్న పిలుపులో ఆప్యాయత ఎంతుందో, నోరు మూయించే శక్తీ అంతుంది. మా బంధువులమ్మాయి ఆ కౌన్సెలర్‌ని 'అంకుల్' అనే పిలిచేది. ఆమె పక్షాన ఇది బలమైన వాదన. అయినా ఇరవై నిమిషాల తర్వాత ఫోన్ పెట్టేసిన ఆ కుర్రాడి పక్షాన నిలబడి చూస్తే, ఈ వాదన ఎంత బలమైనదైనా వాడి గదిలో చలి తగ్గదు. వాడు తర్వాత యూనివర్సిటీ వాళ్ళ దగ్గరికి కొన్నాళ్ళు వెళ్ళాడని తెలిసింది. అక్కడ ఏడుపొచ్చిందో లేదో తెలీదు.

తర్వాత ఆమెకి క్వాలిఫయింగ్ హోదా వచ్చింది. అంటే పర్యవేక్షణలో పని చెయ్యొచ్చు. పూర్తి హోదాకి లెక్కలున్నాయి: క్లయింట్‌తో నేరుగా గడిపిన గంటలు 450, వాటి గురించి అనుభవజ్ఞుల దగ్గర కూర్చుని మాట్లాడిన గంటలు 100, ఇంకా ఒక పరీక్ష. గంటల లెక్క చూసి నేను నవ్వాను, ఐటీలో టైంషీట్ నింపినవాడికి గంటల మీద గౌరవం ఉండదు. ఆ రెండో సంఖ్య మాత్రం నన్ను ఆపింది. ప్రతి నాలుగున్నర గంటలు విన్నందుకు ఒక గంట, తను ఎలా విన్నదో ఇంకొకరికి వినిపించాలి. వినేవాణ్ణి వినేవాడు ఉండాలన్న ఈ నియమం చట్టంలో ఉన్న నిర్వచనాలన్నిటికంటే నాకు నచ్చింది. మండలి ఆశించే సామర్థ్యాల్లో ఒకటుంది, తెలుగులో చెప్పాలంటే 'తనని తాను క్షేమంగా, ఫలవంతంగా వాడుకోవడం'. ఈ పనిలో పనిముట్టు తనే. దానికి ఎక్కడ వంకర ఉందో తన కంటికి కనపడదు. అందుకు ఇంకొకరి కన్ను కావాలి. సోదెమ్మకి ఇలాంటి కన్ను లేదు. ఆరెంపీకి ఊరుంది గానీ, ఊరు చూసేది ఫలితాన్నే, చేతిని కాదు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఏ దరఖాస్తూ అడగలేదు. రిజిస్ట్రేషన్‌కి ఇంగ్లిషో ఫ్రెంచో బాగా వచ్చి ఉండాలి. తెలుగు వచ్చా అని ఎవరూ పరీక్షించరు. ఇప్పుడు ఆమె దగ్గరికి మనవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు తెలుగులో చెప్పిందాన్ని ఆమె సూపర్వైజర్‌కి ఇంగ్లిష్‌లో చెప్పాలి. కడుపులో దేవినట్టుంది అన్న మాటని, మనసు మనసులో లేదన్న మాటని అటు చేరవేసేటప్పటికి, ఆ కన్ను చూస్తున్నది ఎవర్ని? క్లయింట్‌నా, అనువాదాన్నా? 'మా ఆయన మంచాడే' అని ఒకావిడ ప్రతివారం మొదలుపెడితే, ఆ చివరి దీర్ఘంలో ఉన్నదంతా ఇంగ్లిష్‌లోకి వెళ్ళదు. పర్యవేక్షణ కాగితం మీద గంట నిండుతుంది.

ఈమధ్య ఇదే అడిగితే, ఒక సంగతి చెప్పింది. 'దిగులు' అన్న మాటకి ఇంగ్లిష్‌లో మూడు మాటలు వరసగా చెప్పిందట. సూపర్వైజర్, అరవై దాటిన తెల్లావిడ, మూడింటినీ రాసుకోలేదట. మీవాళ్ళు అన్న మాటే మళ్ళీ అనమంది. రెండుసార్లు పలికించుకుని, వంకర టింకరగా దాన్నే తన నోట్‌బుక్కులో రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుందట.